మూడు సమీకరణాల హెచ్‌ఐవీ నమూనాలో ఎయిడ్స్ ఎందుకు కనిపించదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గణితంలో ఎం.ఎస్సీ. ప్రాజెక్టు కోసం, హెచ్‌ఐవీ సోకిన మనిషి శరీరంలో జరిగే మార్పులను మూడు అవకలన సమీకరణాల్లో రాశారు. కంప్యూటర్‌లో నడిపితే మొదటి కొన్ని వారాల గీత అచ్చం పాఠ్యపుస్తకంలోని బొమ్మలాగే వస్తోంది. వైరస్ ఒక్కసారిగా పెరుగుతుంది, శరీర రక్షణకు కీలకమైన సీడీ4 తెల్ల రక్తకణాలు పడిపోతాయి, తర్వాత రెండూ కాస్త సర్దుకుంటాయి. ఆ తర్వాత మాత్రం అన్నీ స్థిరపడిపోతున్నాయి. పదేళ్ల వరకు నడిపినా గీత కదలడం లేదు. కోడ్‌లో తప్పుందా, పరామితుల విలువల్లో తప్పుందా, ఎయిడ్స్ దశను నమూనాలోకి ఎలా తేవాలి అని అడిగారు.

కోడ్‌లో తప్పు లేదు, విలువల్లోనూ లేదు. ఆ మూడు సమీకరణాల్లో ఎయిడ్స్ లేదు. విలువలను ఎంత సర్దినా రాదు. హెచ్‌ఐవీ ఒకేసారి రెండు గడియారాల మీద నడుస్తుంది. ఒకటి గంటలు, రోజుల లెక్కన తిరుగుతుంది. రెండోది సంవత్సరాల లెక్కన. మీరు రాసినది మొదటి గడియారాన్ని మాత్రమే. రెండోదాన్ని మీరే ప్రత్యేకంగా నమూనాలో చేర్చాలి, అది ఏ జీవ ప్రక్రియకు ప్రతినిధో చెప్పగలగాలి. ప్రాజెక్టులో అసలు కష్టం అక్కడే ఉంది.

నేను ఈ నమూనాలతో ఇరవై ఏళ్లకు పైగా పని చేస్తున్నాను. మొదట సమీకరణాల వైపు నుంచి వచ్చాను, తర్వాత రోగుల దీర్ఘకాలిక రికార్డుల విశ్లేషణలోకి వెళ్లాను. మీ ప్రశ్నను ఏటా ఎవరో ఒక విద్యార్థి అడుగుతూనే ఉంటారు, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు మీ నమూనాను మాటల్లో చెప్పుకుందాం. లక్ష్య కణాలు, అంటే వైరస్ సోకగల సీడీ4 కణాలు, రోజూ ఒక స్థిరమైన సంఖ్యలో పుడతాయి, ఒక రేటున సహజంగా చనిపోతాయి, వైరస్ తగిలినవి సోకిన కణాలుగా మారతాయి. సోకిన కణాలు త్వరగా చనిపోతాయి, ఈలోపు వైరస్‌ను ఉత్పత్తి చేస్తాయి. స్వేచ్ఛగా తిరిగే వైరస్ కణాలను శరీరం తొలగిస్తూ ఉంటుంది. ఇంతే. ఆర్‌ నాట్ అని పిలిచే ప్రాథమిక ప్రత్యుత్పత్తి సంఖ్య (మొదట్లో సోకిన ఒక కణం వల్ల సగటున ఎన్ని కొత్త కణాలకు సోకుతుందో చెప్పేది) ఒకటి కంటే ఎక్కువైతే ఇన్‌ఫెక్షన్ నిలుస్తుంది. నిలిచాక లక్ష్య కణాల స్థాయి ఎంత? సోకకముందు ఉన్న స్థాయిని ఆర్‌ నాట్‌తో భాగిస్తే ఎంతో, అంత.

ఇప్పుడు కాగితం మీద ఒక చిన్న లెక్క వేయండి. సోకకముందు ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో 1000 కణాలు, వాటి సహజ మరణ రేటు రోజుకు 0.01, సోకిన కణం మరణ రేటు రోజుకు 0.7, ఆర్‌ నాట్ 5 అనుకుందాం. కణాలు 200 దగ్గర స్థిరపడతాయి. ఎయిడ్స్‌కు వాడే సరిహద్దు సంఖ్య సరిగ్గా అదే. ‘వచ్చేసింది కదా’ అనిపిస్తుంది. కానీ ఎంత కాలంలో? స్థిర స్థితి చుట్టూ సమీకరణాలను సరళీకరిస్తే, ఊగిసలాట ఒక్కో చుట్టుకు సుమారు 38 రోజులు పడుతుంది. దాని తీవ్రత ప్రతి 40 రోజులకు మూడో వంతుకు కాస్త పైన మిగులుతూ తగ్గుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి ఊగిసలాటలో మిగిలేది ఒక్క శాతం. అంటే ఈ నమూనా ఎయిడ్స్ సరిహద్దును చేరుకుంటే నెలల్లోనే చేరుకుంటుంది, లేకపోతే ఎప్పటికీ చేరుకోదు. చికిత్స లేని మనిషిలో సగటున దాదాపు పదేళ్లు పట్టే ప్రయాణానికి ఇందులో చోటే లేదు. మీ పరామితుల్లో ఏదీ సంవత్సరాల కొలతలో లేదు. గీతలో పదేళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇలా అన్నానని ఆ నమూనాను చిన్నచూపు చూడకండి. ఈ రంగంలో గణితం సాధించిన అతి పెద్ద విజయం దానిదే. 1990ల మొదటి వరకు, లక్షణాలేవీ కనిపించని ఆ పొడవైన మధ్య దశలో వైరస్ దాదాపు నిద్రపోతోందని చాలామంది అనుకునేవారు. రక్తంలో వైరస్ స్థాయి నెలల తరబడి మారకుండా ఉండటమే అందుకు కారణం. అయితే స్థిరంగా ఉన్నదంతా నిశ్చలంగా ఉన్నట్టు కాదు. కొళాయి ధారగా పడుతూ, అడుగున తూము తెరిచి ఉన్న తొట్టిలో కూడా నీటిమట్టం కదలదు. ధార ఎంత వేగంగా పడుతోందో తెలియాలంటే కొళాయిని ఒక్కసారి కట్టేసి, మట్టం ఎంత వేగంగా దిగుతుందో చూడాలి.

1995లో డేవిడ్ హో బృందం, జార్జ్ షా బృందం విడివిడిగా సరిగ్గా ఆ పనే చేశాయి. కొత్తగా వచ్చిన శక్తిమంతమైన మందులతో వైరస్ ఉత్పత్తిని అడ్డుకుని, రక్తంలో అది తగ్గే వేగాన్ని కొలిచాయి. 1996లో అలన్ పెరెల్సన్, హో తదితరులు రిటోనావిర్ అనే మందు తీసుకున్న ఐదుగురి రక్తాన్ని మరింత దగ్గర దగ్గర సమయాల్లో పరీక్షించి, మీరు రాసినలాంటి సమీకరణాలతోనే లెక్క కట్టారు. స్వేచ్ఛగా ఉన్న వైరస్ అర్ధాయువు (సగానికి తగ్గడానికి పట్టే కాలం) సుమారు 6 గంటలు, సోకిన కణం అర్ధాయువు సుమారు 1.6 రోజులు, రోజుకు పుట్టే వైరస్ కణాలు సుమారు 1,000 కోట్లు అని తేలింది. తర్వాత 1999లో రక్తం నుంచి వైరస్‌ను యంత్రంతో వేరుచేసి మళ్లీ కొలిస్తే, వైరస్ అర్ధాయువు గంటా రెండు గంటలకు, కొందరిలో అంతకంటే తక్కువకు దిగింది. అంటే 6 గంటలు గరిష్ఠ హద్దు మాత్రమే, అసలు ఉత్పత్తి ఇంకా ఎక్కువ.

ఆ అంకెల నుంచి మూడు మందుల చికిత్స అవసరం నేరుగా బయటపడుతుంది. ఇది మీ ప్రాజెక్టులో ఒక పేజీకి అర్హమైన లెక్క. హెచ్‌ఐవీ జన్యువులో దాదాపు 10,000 అక్షరాలు ఉంటాయి. ఒక్కసారి నకలు తీసేటప్పుడు ఒక్కో అక్షరం తప్పుపడే అవకాశం సుమారు లక్షకు 3. ఒక అక్షరం మూడు రకాలుగా తప్పుపడవచ్చు కాబట్టి, ఫలానా మార్పే జరిగే అవకాశం లక్షకు 1 అనుకోండి. రోజుకు ఒక కోటి కణాలకు కొత్తగా సోకుతుందనుకుంటే, ఒక మందును తట్టుకునే ఒక మార్పు రోజుకు వందసార్లు పుడుతుంది. రెండు నిర్దిష్ట మార్పులు ఒకే నకలులో కలిసి రావడానికి వెయ్యి రోజులు కావాలి. మూడు కలిసి రావాలంటే పది కోట్ల రోజులు. ఒక్క మందుతో చికిత్స ఎందుకు విఫలమైందో, మూడు మందులు కలిపితే ఎందుకు నిలబడిందో ఈ నాలుగు గుణకారాలు చూపిస్తాయి. నేను బోధించే ప్రతి తరగతిలో దీన్ని బోర్డు మీద వేయిస్తాను.

సరే, రెండో గడియారం సంగతి.

విద్యార్థులు మొదట చేసే ప్రయత్నం ఒకటే. శరీరం రోజూ పుట్టించే లక్ష్య కణాల సంఖ్యను ఏటా కొద్దికొద్దిగా తగ్గిస్తారు. రోగనిరోధక వ్యవస్థ అలసిపోతోంది కాబట్టి ఉత్పత్తి తగ్గుతుందని వారి ఆలోచన. చూడటానికి బాగానే ఉంటుంది. నడిపి చూస్తే సీడీ4 స్థాయి కదలదు, పైగా వైరస్ స్థాయి తగ్గుతుంది! నిజంలో జరిగేది దీనికి వ్యతిరేకం. ఎయిడ్స్ దగ్గరపడేకొద్దీ వైరస్ పెరుగుతుంది. కారణం బీజగణితంలోనే ఉంది. స్థిర స్థితిలో లక్ష్య కణాల సంఖ్య సోకిన కణం మరణ రేటు, వైరస్ తొలగింపు రేటు, సోకే రేటు, వైరస్ ఉత్పత్తి రేటు అనే నాలుగింటి మీదే ఆధారపడుతుంది. కణాలు పుట్టే రేటు ఆ సూత్రంలో లేనే లేదు. ఎక్కువ కణాలు పుడితే వైరస్‌కు ఎక్కువ మేత, అంతే. ఏ పరామితిని నెమ్మదిగా మార్చాలో నిర్ణయించే ముందు, స్థిర స్థితి సూత్రాన్ని రాసుకుని అందులో అది ఉందో లేదో చూడండి.

సూత్రంలో ఉన్నవాటిని కదిలిస్తే ఏమవుతుంది? మొదటి సర్దుబాటు ముగిసేసరికి కణాలు 500 దగ్గర ఉన్నాయనుకుందాం, అంటే ఆర్‌ నాట్ 2. పదేళ్లలో 200కి రావాలంటే అది 5 కావాలి, అంటే రెండున్నర రెట్లు. ఏటా పది శాతం కూడా పెరగనక్కర్లేదు. అంత చిన్న మార్పు చాప కింద నీరులా సాగితే చాలు. దాన్ని రెండు విధాలుగా తేవచ్చు. వైరస్ పరిణామం చెంది సోకే రేటు రెండున్నర రెట్లు పెరిగిందనవచ్చు. లేదా సోకిన కణాలను చంపే రక్షక కణాలు బలహీనపడి, సోకిన కణం మరణ రేటు అదే నిష్పత్తిలో తగ్గిందనవచ్చు. సీడీ4 గీత రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది. వైరస్ స్థాయి మాత్రం మొదటి దానిలో 1.6 రెట్లు, రెండో దానిలో 4 రెట్లు పెరుగుతుంది. మీరే లెక్కకట్టి సరిచూసుకోండి.

ఇక్కడే నా అనుభవంలోని ఒక సంగతి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నేను, నా సహచరుడు ఒకరు పాత రోగుల రికార్డుల మీద మూడు వేర్వేరు నెమ్మది ప్రక్రియలు అమర్చిన మూడు నమూనాలను నడిపాం. ఒకదానిలో వైరస్ మారుతుంది, ఇంకోదానిలో రక్షక కణాలు అలసిపోతాయి, మూడోదానిలో సోకని కణాలు కూడా చనిపోతాయి. మూడూ సీడీ4 గీతకు దాదాపు సమానంగా సరిపోయాయి. మేము మాకు నచ్చిన నమూనాను ఎంచుకుని, అదే కారణమని వ్యాసం రాయబోయాం. దాన్ని చదివిన ఒక వైద్యురాలు ఒక్క ప్రశ్న వేశారు: “మిగతా రెండూ తప్పని మీ లెక్కలో ఎక్కడ తేలింది?” ఎక్కడా తేలలేదు. వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాం. వైరల్ లోడ్‌ను (అంటే రక్తంలోని వైరస్ స్థాయిని) బట్టి తేల్చవచ్చుగా అని మీరు అడగవచ్చు. ఆ పరీక్షలో మూడు రెట్ల కంటే తక్కువ తేడాను వైద్యులు సాధారణంగా నిజమైన మార్పుగా లెక్కించరు. 1.6 రెట్లు ఆ పరిధిలో కలిసిపోతుంది, 4 రెట్లు అంచున ఉంటుంది. ఒక్క మనిషి గీతతో తేలదు, చాలామందిని ఏళ్ల తరబడి చూసిన రికార్డు కావాలి. గీత సరిపోయినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు. ఈ ఒక్క వాక్యం మీ ప్రాజెక్టు నివేదికలో ఎక్కడో ఒకచోట ఉండాలని గట్టిగా కోరుతున్నాను.

మరి నిజంగా ఆ నెమ్మది ప్రక్రియ ఏది? మార్టిన్ నోవాక్, రాబర్ట్ మే తదితరులు 1990ల మొదట్లో ఒక అందమైన ప్రతిపాదన చేశారు. వైరస్ రకాలు పెరుగుతూ పోతాయి. ఒక్కో రకాన్ని దానికి తగిన రక్షక కణాలు మాత్రమే అడ్డుకోగలవు, కానీ ప్రతి రకమూ అన్ని సీడీ4 కణాలనూ దెబ్బతీయగలదు. రకాల సంఖ్య ఒక హద్దు దాటగానే రక్షణ కూలిపోతుంది. ఈ ఆలోచనకు ఆకర్షణ ఎక్కువ, ఎందుకంటే నెమ్మదితనం, చివరి హఠాత్ పతనం రెండూ ఒకే ప్రక్రియ నుంచి వస్తాయి. ప్రయోగాలు దీన్ని పూర్తిగా బలపరచలేదు. అయినా వైరస్ పరిణామాన్ని నమూనాలో ఎలా పెట్టాలో నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

నా మొగ్గు మాత్రం వేరే వైపు. పశ్చిమ ఆఫ్రికాలో సూటీ మాంగబే అనే కోతులు ఉన్నాయి. వాటిలో హెచ్‌ఐవీకి దగ్గరి బంధువైన వైరస్ ఉంటుంది, రక్తంలో దాని స్థాయి కూడా ఎక్కువే. అయినా వాటికి ఎయిడ్స్ రావడం చాలా అరుదు. వాటిలో దీర్ఘకాలికంగా తక్కువగా ఉండేది రోగనిరోధక వ్యవస్థ ఉద్రేకం, అంటే అది ఎడతెగకుండా ఉత్తేజితమై ఉండటం. మనుషుల్లో అది ఏళ్ల తరబడి ఎక్కువగానే ఉంటుంది. పైగా హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లోనే పేగుల్లోని సీడీ4 కణాలు భారీగా నశిస్తాయి, పేగు గోడ బలహీనపడి సూక్ష్మజీవుల పదార్థాలు రక్తంలోకి చేరి ఆ ఉద్రేకాన్ని పెంచుతాయి. 2014లో వెలువడిన పరిశోధనల్లో, లింఫ్ కణజాలంలో చనిపోయే సీడీ4 కణాల్లో అత్యధికం వైరస్‌ను ఉత్పత్తి చేస్తున్నవి కావని, ఇన్‌ఫెక్షన్ మధ్యలోనే ఆగిపోయిన కణాలని తేలింది. ఉద్రేకంతో కూడిన ఒక రకమైన మరణం వాటిది. చుట్టుపక్కల మళ్లీ మంట రగిల్చే మరణం.

దీని గణిత పర్యవసానం ఏమిటంటే, మీ సమీకరణాల్లోని లక్ష్య కణాలు, పరీక్షాకేంద్రం ఇచ్చే సీడీ4 సంఖ్య రెండూ ఒకటి కావు. వైరస్ ప్రధానంగా పెరిగేది ఉత్తేజితమైన సీడీ4 కణాల్లో. రక్తంలో లెక్కించే సీడీ4 కణాల్లో ఎక్కువ భాగం విశ్రాంతిలో ఉన్నవి. కాబట్టి నేనైతే సీడీ4ను రెండు గదులుగా విడదీస్తాను. విశ్రాంత కణాలు ఒక రేటున ఉత్తేజితమవుతాయి. ఆ రేటు ఇన్‌ఫెక్షన్ స్థాయితో పాటు పెరుగుతుంది. ఉత్తేజితమైనవి సోకినా సోకకపోయినా త్వరగా చనిపోతాయి. కొన్ని మాత్రమే తిరిగి విశ్రాంతికి వెళతాయి. ఇలా రాస్తే వేగవంతమైన గడియారం ఉత్తేజిత కణాల్లో, నెమ్మది గడియారం విశ్రాంత కణాల నిల్వలో సహజంగా వచ్చి కూర్చుంటాయి. ఆ నిల్వ నష్టం, నింపుదలల మధ్య చిన్న తేడాతో ఏళ్ల తరబడి కరుగుతుంది. ఏ పరామితినీ కాలంతో పాటు మీరు చేత్తో తిప్పనక్కర్లేదు. మీ ప్రాజెక్టుకు నేను సూచించే దారి ఇదే. సమీకరణాలు నాలుగో ఐదో అవుతాయి, అయినా చేయదగ్గ పనే.

ఇక మీ ప్రశ్న చివర్లో, దాదాపు పక్కమాటగా, ‘ఎయిడ్స్ వచ్చే సమయాన్ని అంచనా వేయాలి’ అన్నారు. అది వేరే పని, దానికి వేరే పనిముట్టు కావాలి. ఒక జనసమూహంలో ఎంతమందికి ఎన్నేళ్లలో ఎయిడ్స్ దశ వస్తుందో చెప్పాలంటే వైరస్ గంటల లెక్క అక్కర్లేదు. దశల నమూనా చాలు. 1980ల చివర్లో లాంగిని బృందం మార్కోవ్ శృంఖలంతో (తర్వాతి దశకు మారే అవకాశం ప్రస్తుత దశ మీదే ఆధారపడే నమూనాతో) ఇలాగే చేసింది. ఇన్‌ఫెక్షన్ ప్రయాణాన్ని దశలుగా విడదీసి, ఒక్కో దశలో ఉండే సగటు కాలాన్ని అంచనా వేసి, ఎయిడ్స్ వరకు మొత్తం సగటు 9.8 ఏళ్లని తేల్చింది.

దశలు ఎందుకు, ‘ఏటా పది శాతం మంది’ అని ఒకే రేటు పెడితే పోదా అంటారేమో. పోదు, ఎందుకో అంకెల్లోనే చూడండి. ఒకే రేటు, సగటు 10 ఏళ్లు అయితే మొదటి రెండేళ్లలోనే 18 శాతం మందికి ఎయిడ్స్ వచ్చేయాలి. అదే 10 ఏళ్ల సగటును రెండేసి ఏళ్ల ఐదు దశలుగా విడదీస్తే రెండేళ్లలోపు వచ్చేది 0.4 శాతానికే. రెండో కొస చూస్తే, 20 ఏళ్లు దాటినా ఎయిడ్స్ రానివారు ఒకే రేటు నమూనాలో 13.5 శాతం, ఐదు దశల నమూనాలో సుమారు 3 శాతం. సగటు ఒకటే, జీవితాలు వేరు. ఒకే రేటు పెట్టడమంటే, నిన్న వైరస్ సోకిన మనిషికీ ఎనిమిదేళ్ల క్రితం సోకిన మనిషికీ రేపటి ప్రమాదం సమానమని చెప్పడమే. అది ఈ జబ్బు స్వభావానికి పూర్తిగా విరుద్ధం.

వైరల్ లోడ్ మీద ఒక హెచ్చరిక. ఈ రంగంలో అందరూ చెప్పే పోలిక ఒకటుంది: కూలిన వంతెన వైపు వెళ్తున్న రైలుకు సీడీ4 సంఖ్య మిగిలిన దూరం, వైరల్ లోడ్ వేగం. 1996లో మెలర్స్ బృందం చూపినది దీనికి బలమైన ఆధారం. రోగులను వైరల్ లోడ్ ప్రకారం నాలుగు సమాన వర్గాలుగా విడదీస్తే, ఐదేళ్లలో ఎయిడ్స్ వచ్చినవారు అతి తక్కువ వర్గంలో 8 శాతం, అతి ఎక్కువ వర్గంలో 62 శాతం. ఇంత స్పష్టమైన తేడా చూశాక ఎవరైనా వైరల్ లోడే సర్వస్వం అనుకుంటారు. కానీ 2006లో రోడ్రిగెజ్ తదితరులు, ఒక్కో మనిషిలో సీడీ4 తగ్గే వేగంలోని వైవిధ్యంలో వైరల్ లోడ్ వివరించగలిగేది 4 నుంచి 6 శాతమేనని చూపారు. రెండూ నిజమే. వర్గాల సగటులను వేరు చేయగల కొలత, ఒక్కొక్క మనిషి భవిష్యత్తును చెప్పలేకపోవచ్చు. మిగిలిన వైవిధ్యంలో వయసు ఉంది, జన్యువులు ఉన్నాయి, నేను పైన చెప్పిన ఉద్రేకం ఉంది. మీ సమీకరణాల్లో వైరస్ స్థాయి ఒక్కటే సీడీ4 పతనాన్ని నడిపితే, ఈ 2006 ఫలితాన్ని అవి ఎలా తట్టుకుంటాయో ఆలోచించండి.

రికార్డుల విషయంలో కూడా జాగ్రత్త. చికిత్స లేకుండా పదేళ్లు సాగిన జబ్బు గురించి మనకు తెలిసినదంతా, సమర్థమైన మందులు లేని కాలంలో తమ రక్తాన్ని ఆరు నెలలకోసారి ఇస్తూ వచ్చిన వాళ్ల నుంచి తెలిసిందే. వారిలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ అంకెలను వాడేటప్పుడు నేను ఎప్పుడూ ఆ సంగతి మరచిపోను, మీరూ మరచిపోవద్దు. సోకినట్టు తెలియగానే చికిత్స మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫార్సు చేసింది. కాబట్టి అలాంటి రికార్డు మళ్లీ పుట్టదు, పుట్టకూడదు కూడా. ఉన్న వాటిలో లోపాలు ఉంటాయి. వైరస్ సోకిన అసలు తేదీ చాలామందికి తెలియదు, రెండు పరీక్షల మధ్య ఎప్పుడో అని మాత్రమే తెలుస్తుంది. వేగంగా క్షీణించినవారు ముందే చనిపోవడమో, మందులు మొదలుపెట్టడమో జరిగి గీత నుంచి తప్పుకుంటారు. మిగిలినవారి సగటు చూస్తే జబ్బు నిజం కంటే నెమ్మదిగా కనిపిస్తుంది. ఇందుకే సీడీ4 గీతను, తప్పుకునే సమయాన్ని కలిపి ఒకే నమూనాలో అంచనా వేయాలి.

కొన్ని చిన్న విషయాలు, కానీ వీటి దగ్గరే రోజులు పోతాయి. సీడీ4ను ఘనపు మిల్లీమీటరుకు, వైరల్ లోడ్‌ను మిల్లీలీటరుకు ఇస్తారు. వెయ్యి రెట్ల తేడా. ఒక విద్యార్థి నమూనాలో సోకే రేటు మూడు వారాలపాటు ఎక్కడా సరిపోకపోతే చివరికి తప్పు అక్కడే దొరికింది. వైరస్‌ను ఎప్పుడూ లాగ్ స్కేలు మీదే అమర్చండి. గంటలు, సంవత్సరాలు ఒకే వ్యవస్థలో ఉన్నాయి కాబట్టి మామూలు సంఖ్యాత్మక పద్ధతులు మొరాయిస్తాయి; ఇలాంటి దృఢ (stiff) సమీకరణాల కోసం చేసిన పద్ధతి వాడండి. వైరల్ లోడ్ మాత్రమే చేతిలో ఉంటే, సోకిన కణం నుంచి వైరస్ ఉత్పత్తి రేటును, కణాల సంఖ్యను విడివిడిగా తేల్చలేరు; ఒకటి పెరిగి రెండోది తగ్గినా గీత మారదు. ఇది సమాచారం చాలక వచ్చే సమస్య కాదు, సమీకరణాల నిర్మాణంలోనే ఉంది.

మందుల ప్రభావాన్ని కలిపితే ఇంకొక వింత కనిపిస్తుంది. మందు సామర్థ్యం ఒక హద్దుకు కాస్త కింద ఉంటే వైరస్ గణనీయంగా మిగులుతుంది, కాస్త పైకి వెళ్లగానే మూడు సమీకరణాల నమూనాలో అది పూర్తిగా అంతరించిపోతుంది. నిజజీవితంలో ఈ రెండూ జరగవు. వైరస్ పరీక్షకు అందనంత తక్కువకు వెళ్లి, అక్కడే ఉండిపోతుంది. దీనికి జవాబు గుప్త కణాలు, అంటే వైరస్ నిద్రాణంగా దాగి ఉన్న కణాలు. 1997లో పెరెల్సన్ బృందం వైరస్ తగ్గుదలలో రెండో, నెమ్మది దశను గుర్తించి, పూర్తిగా అణచే చికిత్స 2.3 నుంచి 3.1 ఏళ్లు కొనసాగితే సోకిన కణాలు అంతరించవచ్చని లెక్కకట్టింది. ఇంకే దాగిన నిల్వలూ లేకపోతేనే సుమా అని స్పష్టంగా చెప్పింది కూడా. అదే ఏడాది నిల్వలు బయటపడ్డాయి. విశ్రాంత సీడీ4 కణాల్లో నిద్రించే వైరస్ అర్ధాయువు సుమారు 44 నెలలు. పది లక్షల గుప్త కణాలు ఒక్కటికి దిగాలంటే ఇరవైసార్లు సగం కావాలి, అంటే 73 ఏళ్లు. మందులు జీవితాంతం ఎందుకు వాడాలో చెప్పే లెక్క ఇది. నమూనా తన షరతును దాచుకోలేదు కాబట్టే, షరతు తప్పినప్పుడు ఎక్కడ వెతకాలో అందరికీ తెలిసింది.

చివరగా, మీరు ప్రశ్నలో రాయని విషయం ఒకటి. మీ నమూనా పని చేయడం మొదలుపెట్టాక ఎవరో ఒకరు తమ సీడీ4, వైరల్ లోడ్ అంకెలు పంపి, నాకు ఇంకా ఎన్నేళ్లు అని అడుగుతారు. నాకు అలాంటి ఉత్తరాలు చాలా వచ్చాయి. లెక్కకట్టి పంపకండి. మీ గీత చికిత్స లేని మనుషుల సగటు, ఆ ఉత్తరం రాసిన మనిషి సగటు కాదు. అంతకంటే ముఖ్యంగా, ఈరోజు మందులు సకాలంలో మొదలుపెట్టి మానకుండా వాడే వ్యక్తికి ఆ గీతే వర్తించదు. వారి ఆయుర్దాయం ఇతరుల ఆయుర్దాయానికి చాలా దగ్గరగా ఉంటుంది, వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా కొనసాగితే లైంగికంగా ఇతరులకు సోకదు కూడా. నేను ఆ ఉత్తరాలకు ఈ రెండు వాక్యాలే రాసి, వెంటనే వైద్యులను కలవమని చెబుతాను.

ముందు విశ్రాంత, ఉత్తేజిత కణాల రెండు గదుల నమూనాను రాసి, స్థిర స్థితిని చేత్తో రాబట్టండి. తర్వాత కోడ్. మొదటి వంద రోజుల గీతను, పదేళ్ల గీతను విడివిడిగా, వైరస్‌ను లాగ్ స్కేలు మీద గీసి ఇక్కడ పెడితే చూసి చెబుతాను.